కీలు లేని కాలిపర్లు

వీధిలో అందరూ ఆమెను కండక్టరమ్మ అంటారు. పుట్టుకలోనే మెదడు దెబ్బతిన్న కూతురికి ఏడేళ్ళు. ఆ పిల్ల కాళ్ళు కర్రల్లా బిగుసుకుని, మునివేళ్ళు కిందికి దిగి ఉండేవి. నాయనమ్మ దాన్ని పిచ్చుక అని పిలిచేది.

ఒకరోజు బస్సులో ఒక పాప, చీలమండ దగ్గర కీలున్న, కాళ్ళకు ఆసరాగా తొడిగే ప్లాస్టిక్ కాలిపర్లతో, తనంతట తానే మెట్లు దిగి వెళ్ళింది. ఇక కండక్టరమ్మకు కంటి మీద కునుకు లేదు. సెలవు పెట్టి, పిచ్చుకను చంకనేసుకుని కాలిపర్లు చేసే ఆయన దగ్గరికి వెళ్ళింది.

ఆయన పిల్ల మోకాలు చాపి, పాదాన్ని మెల్లగా పైకి నెట్టి చూశాడు.

"కీలున్నవే కావాలన్నా," అంది ఆమె.

"అవి కాస్తో కూస్తో నిలబడే పిల్లలకమ్మా. మన పాపకి వేస్తే మోకాళ్ళు కుంగిపోతాయి. కీలు లేనివి చేద్దాం. పాదం ఇంకా వంకర పోకుండా ఆపుతాయి. చెక్క చట్రం కూడా చేసిస్తా, అందులో పట్టీలు కట్టి నిలబెట్టచ్చు."

"మరి నడుస్తుందా?"

ఆయన పాదం వదల్లేదు. "నడుస్తుందని నేను చెప్పలేనమ్మా."

"నడిపించనివి నాకెందుకు!" అని పిల్లను ఎత్తుకుని బయటికొచ్చి, వరండాలో కూలబడింది. పిచ్చుక ఆమె కొంగు పట్టుకుని లాగుతూనే ఉంది. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళింది.

"కొలతలు తీసుకోండన్నా."

చట్రంతో పాటు కాలిపర్లు వచ్చాయి. వాటి మీదికి బూట్లు కావాలంటే అత్తగారు సణిగింది.

"నడవని పిల్లకి బూట్లెందుకే?"

"ఒట్టి కాలిపర్లు నేల మీద జారతాయి అత్తయ్యా."

సణుగుతూనే ఆవిడా కొట్టుకు వెంట వచ్చింది. పిచ్చుక చూపు ఎర్రబూట్లకు అతుక్కుపోయింది. వాటి మూతి ఇరుకు. పెద్ద సైజు తెప్పించినా మడమ దిగలేదు. వేళ్ళ దాకా తెరుచుకునే నల్లబూట్లు మాత్రం, లోపలి మెత్త తీసేస్తే, పట్టాయి. పిచ్చుక మొహం తిప్పేసుకుంది. కండక్టరమ్మ నల్లబూట్లకే డబ్బు కట్టింది. రంగైనా దాని ఇష్టానికి ఇవ్వలేకపోయింది.

అత్తగారు పక్క అరలో వెతికింది. మోకాళ్ళ దాకా వచ్చే ఎర్రమేజోళ్ళు ఏరి పిల్ల ఒళ్ళో పెట్టింది.

ఇంట్లో కిటికీ పక్కన చట్రంలో నిలబెట్టి పట్టీలు బిగించారు. మడమలు నేలకు ఆనాయి. పిచ్చుక తల నాయనమ్మ గుండెల దాకా వచ్చింది.

"ఓసి నీ దుంపతెగ! ఇంత పొడుగెప్పుడయ్యావే?"

ఎప్పుడూ పడుకునో, చంకలోనో ఉన్న పిల్ల. ఎంత ఎదిగిందో ఎవరికీ తెలియలేదు. పిచ్చుక చెమటలు కక్కుతూ వీధిలోకి చూస్తోంది. అలిసి మూలిగాక పట్టీలు విప్పారు.

మర్నాడు డ్యూటీకి వెళ్ళేముందు తల్లి ఆ పట్టీలు మళ్ళీ కట్టింది.