పంతొమ్మిది సంతకాలు

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో నేను ఎవరి పక్షమూ కాదన్నట్టు నటించను. నేను మా వదిన పక్షం. ఆమె మా అన్నయ్య భార్య అయినందుకు కాదు. ఆ రోజు ఆ గదిలో నేనూ ఉన్నాను, ఉండి కూడా నోరు విప్పలేదు. అందుకు.

మేమిద్దరం ఒకే కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాం. ముందు గదిలో కౌంటరు, గోడల నిండా ఫ్రేములు. వెనక గదిలో మేము. వదిన అద్దాలను ఫ్రేము కొలతకు మెషిన్ మీద అరగదీస్తుంది, నేను వాటిని ఫ్రేముల్లో బిగిస్తాను. రెండు గదులకూ మధ్య చిన్న కిటికీ. అందులోంచి మా మీద అరిచేది మేనేజరు. యజమానికి సొంత అల్లుడు కాబట్టి అందరం ఆయన్ని అల్లుడుగారు అనే పిలుస్తాం. అది గౌరవమనుకుని ఆయన మురిసిపోతుంటాడు. గౌరవమట, నా మొహం.

కిందటేడు ఒక బస్సు డ్రైవరు తన పాత జోడు లాంటిదే కొత్తది కావాలని వచ్చాడు. అలా అడిగినప్పుడు పాత అద్దాల పవరు ఎంతో కౌంటరు దగ్గరున్న వేరే మెషిన్‌లో చూసి, కొత్తవాటికీ అంతే వేస్తాం. అల్లుడుగారు చూశాడు, కిటికీలోంచి అంకెలు అరిచాడు. డ్రైవరు పాత జోడు పెట్టుకుని వెళ్ళిపోయాడు. వదిన ఆ అంకెల ప్రకారమే అద్దాలు చేసింది. కొత్త జోడు తీసుకెళ్ళిన మూడో రోజున డ్రైవరు ఇంటి మెట్లు దిగుతూ, ఆఖరి మెట్టు ఎక్కడుందో తెలియక పడిపోయాడు. చీలమండ విరిగింది. తీరా చూస్తే కుడికంటి పవరు ఎడమ వైపు, ఎడమకంటిది కుడి వైపు పడింది.

అల్లుడుగారు కొంచెం కూడా తడుముకోలేదు. "నేను సరిగ్గానే చెప్పాను. ఈవిడే తికమక పడింది" అన్నాడు. చంకలో కర్రతో వచ్చిన డ్రైవరు ముందు, పనివాళ్ళం ఆరుగురి ముందు, వదిన చేత తప్పు ఒప్పించాడు. వాదించడానికి ఆమె దగ్గర కాగితం ముక్క కూడా లేదు. అంతా నోటి మాటే.

"నా తప్పేనండి" అంది వదిన.

"కళ్ళు నెత్తికెక్కాయా అమ్మా నీకు?" అన్నాడు డ్రైవరు.

"ఇంకొక్కసారి ఇలా జరిగితే నిన్ను ఆ మెషిన్ ముట్టుకోనివ్వను" అన్నాడు అల్లుడుగారు.

మర్నాటికల్లా ఆమెకి తికమకమ్మ అని పేరు పడిపోయింది. టీ తెచ్చే ఆయన కూడా "తికమకమ్మకి చక్కెర తక్కువ" అని అరిచేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇంటికొచ్చాక వదిన ఏడవలేదు. "ఒకసారి ఏడ్చెయ్యొచ్చు కదా వదినా, మనసు తేలికవుతుంది" అన్నాను.

"తేలికవ్వడం దేనికే? నాకు మర్చిపోవాలని లేదు" అంది.

కానీ చెయ్యి మాట వినలేదు. పదహారేళ్ళుగా ఆ మెషిన్ మీద ఆడిన చెయ్యి వణకడం మొదలుపెట్టింది. ఒక్క అద్దాన్ని మూడుసార్లు కొలిచేది, మళ్ళీ అనుమానంతో నాలుగోసారి కొలిచేది. జోడుకి గంట పట్టేది. ఇలాగే సాగితే అల్లుడుగారు పొమ్మనక్కర్లేదు, ఆమే పోవలసి వచ్చేది. ఆమెకి వచ్చిన పని అదొక్కటే, ఇష్టమైన పనీ అదే.

అప్పుడు మొదలయ్యాయి చీటీలు. ఫ్రేములొచ్చే అట్టపెట్టెల మూతలు చింపి, పొద్దున్నే పెన్సిలుతో ఆ రోజు పనులు రాసుకునేది. ఐదుకి మించి రాసేది కాదు. ఆరోది ఎంత తొందరదైనా సొరుగులో ఉండాల్సిందే. ఒకటి పూర్తయితే అడ్డంగా గీత. మధ్యలో కిటికీలోంచి కేక వస్తే తల తిప్పేది కాదు. టైమూ, ఆయన అరిచిన మాటా, రెండూ అట్ట మీద రాసి మళ్ళీ అద్దం మీదికి వంగేది. చేతిలో ఉన్నది పూర్తయ్యాకే లేచేది. వారం తిరిగేసరికి వణుకు ఆగిపోయింది. అన్నిటికంటే కింద రోజూ ఒకే పని ఉండేది: అల్లుడుగారి సంగతి. గీత పడకుండా అది మర్నాటి అట్ట మీదికి ఎక్కుతూ ఉండేది.

ఇంకో పద్ధతి కూడా పెట్టింది. అల్లుడుగారు నోటితో చెప్పిన అంకెల్ని చెప్పినవి చెప్పినట్టు అట్ట మీద రాసి, కిటికీలోంచి ఆయనకే అందించేది.

"ఏమిటిది? ఇదేమన్నా కోర్టా?"

"మళ్ళీ తికమక పడతానేమోనని భయమండి. ఒక్క సంతకం పడెయ్యండి."

ఆ భయమనే మాట ఆయనకి ఎంత రుచించిందో. కౌంటరు దగ్గర ఉన్నవాళ్ళ వైపు తిరిగి, "మా తికమకమ్మకి నా సంతకం లేనిదే చెయ్యి కదలదండీ" అని నవ్వుతూ, వంకర్లు పోతూ ఇంత పొడుగు సంతకం పెట్టేవాడు. ఫ్రేము కొలత చూసుకోవాలనే వంకతో వదిన పాత జోడుని కూడా ఓ పది నిమిషాలు లోపలికి తెప్పించుకునేది. ఎవరూ చూడకుండా మా గది మూలనున్న పాత పవరు మెషిన్‌లో దాని పవరు తనే చూసి, ఆయన అంకెల కింద తన అంకెలు రాసేది.

రెండో వారంలో దొరికాడు. కుడిది ఎడమకి, ఎడమది కుడికి చెప్పాడు, కింద సంతకం పెట్టాడు. నేను అట్ట లాక్కుని కౌంటరు దగ్గరికి పరిగెత్తబోయాను. వదిన నా మణికట్టు పట్టుకుంది.

"కూర్చో. ఒక్కటైతే పొరపాటంటాడు. పోగవనీ."

"అసలు ఎందుకలా చెబుతున్నాడు వదినా?"

"జోడు ముందు భాగాన్ని తన వైపు తిప్పి పట్టుకుంటాడు. మనిషి ముఖంలోకి చూస్తూ కబుర్లు చెప్పాలి కదా. ఎదురుగా ఉన్న మనిషి కుడికన్ను తనకి ఎడమ వైపు కనిపిస్తుంది. ఆ ధ్యాస ఉండదు ఆయనకి."

ఆమె తన అంకెల ప్రకారమే అద్దాలు చేసేది, కాబట్టి ఎవరి కాలూ విరగలేదు. దుకాణానికి మంచి పేరొచ్చింది. ఆ పేరు కూడా తనదేనని అల్లుడుగారు చెప్పుకు తిరిగాడు. మేము పళ్ళు నూరుకుంటూ పని చేసుకున్నాం. ఎనిమిది నెలల్లో అలా తప్పు అంకెలున్న అట్టలు పంతొమ్మిది పోగయ్యాయి.

యజమాని సోమవారాలు వస్తాడు. ఒకప్పుడు ఆయన కూడా వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసినవాడే. ఒక సోమవారం వదిన ఆ పంతొమ్మిదీ తెచ్చి కౌంటరు గాజు మీద వరసగా పరిచింది. పెద్దాయన ఒక్కొక్కటీ చదివాడు. తన ముక్కు మీది జోడు తీసి అల్లుడి చేతికిచ్చి, "చూసి చెప్పు" అన్నాడు. అల్లుడుగారు మామగారి ముఖంలోకి చూస్తూ, జోడుని తన వైపు తిప్పి పట్టుకుని మెషిన్‌లో పెట్టాడు. కుడిది ఎడమన్నాడు. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు.

తర్వాత వదినను పక్కకి పిలిచాడు. "ఇంటి పరువమ్మా. నీకు క్షమాపణ చెప్పిస్తాను, కానీ నా గదిలో, తలుపు వేసి. వెనక గది అంతా ఇక నీ చేతికే ఇస్తాను."

"గది ఇస్తే తీసుకుంటానండి. కానీ నన్ను ఆరుగురి ముందు అన్నారు. ఆ ఆరుగురూ ఉండాలి. డ్రైవరుగారు కూడా రావాలి."

పెద్దాయన చివరికి సరేనన్నాడు.

బుధవారం పొద్దున అందరం కౌంటరు ముందు నిలబడ్డాం. డ్రైవరు కర్ర లేకుండా నడిచి వచ్చాడు. అల్లుడుగారు "ఆ రోజు... పొరపాటు నాదే" అని గొణిగాడు.

"గట్టిగా చెప్పండి, వెనక వాళ్ళకి వినబడలేదు" అన్నాను నేను. అది నేను ఎనిమిది నెలలుగా దాచుకున్న మాట.

"నాదే పొరపాటు. ఆవిడది కాదు" అన్నాడు ఈసారి. ఆహా, నా కడుపు నిండిపోయింది.

అంతలో డ్రైవరు పెద్దగా నవ్వి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "పోనీలెండి సార్. కాలు అతుక్కుంది. నేను ఎప్పుడో మర్చిపోయాను."

అల్లుడుగారి ముఖం విప్పారింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎవరో టీ చెప్పమన్నారు. ఇంకో నిమిషం ఆగితే అంతా కలిసి నవ్వుకునేవాళ్ళు.

వదిన చేతిలోని తుడిచే గుడ్డ కౌంటరు మీద పెట్టింది. "కాలు మీది, మీరు క్షమించుకోండి. మాట పడింది నేను. నేను క్షమించలేదు" అంది.

డ్రైవరు చెయ్యి జారిపోయింది. టీ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. వదిన లోపలికెళ్ళి మెషిన్ ఆన్ చేసింది, ఆ రోజు నాలుగు జోళ్ళున్నాయి.

ఇప్పుడు పాత జోళ్ళు వస్తే అల్లుడుగారు పవరు చూడడు. రెండు చేతులతో పట్టుకుని తనే వెనక గదికి తెస్తాడు, ఆమె తీసుకునేదాకా నిలబడతాడు. చేతిలో ఉన్న అద్దం పూర్తయితే గానీ వదిన తలెత్తదు. ఒక్కోసారి ఆ అద్దం ఎప్పుడో పూర్తయిపోయి ఉంటుంది. పక్కనే కూర్చుంటాను కాబట్టి ఆ సంగతి నాకు తెలుసు.