బోణీ కూడా రాయించిన సన్యాసిరావుగారు

మన లెక్కల సన్యాసిరావుగారు మొన్న మంగళవారం ఖరగ్‌పూర్ పూరీ గేట్ దగ్గర తమ ఇంట్లో దివంగతులయ్యారు. కబురు వినగానే నిర్ఘాంతపోయాను. ఆ వెంటనే, దాచడమెందుకు, ఒళ్ళు మండింది. వచ్చే సోమవారం సేల్స్ టాక్స్ ఆఫీసులో నా ఇత్తడి సామాన్ల కొట్టు మీద విచారణ ఉంది. అక్కడ తేడా వస్తే కొట్టుకు తాళమే. ఇన్నేళ్ళు నా పక్కన నిలబడిన మనిషి, తన తరవాత ఎవరి దగ్గరికి వెళ్ళాలో చెప్పకుండానే వెళ్ళిపోయారు.

రైల్వే ఎకౌంట్స్ ఆఫీసులో పదవీ విరమణానంతరం ఆయన మన తెలుగు వర్తకుల పన్నుల కాగితాలు చూసేవారు. మనం ఆయన్ని ఎంచుకున్నామనుకోవడం భ్రమ. ఆయనే మనల్ని ఎంచుకునేవారు. నేను మొదటిసారి వెళ్తే మాటివ్వలేదు. మర్నాడు పొద్దున్నే కొట్టుకొచ్చి, స్టూలు వేయించుకుని, సాయంత్రం దాకా కదల్లేదు. ఆ చూపుకి జడిసి ఇద్దరు ఆడవాళ్ళు బిందె కొనకుండానే వెళ్ళిపోయారు.

ఆ రోజే పట్టుకున్నారు. బోణీ డబ్బు మనం కళ్ళకద్దుకుని దేవుడి డబ్బాలో వేస్తాం, పుస్తకంలో రాయం. మా నాన్న రాయలేదు. ఖరగ్‌పూర్‌లో మనవాళ్ళెవరూ రాయలేదు.

"ఏటి సత్యం, ఇది రాయనేదేటి?"

"అది దేవుడిది, బాబాయిగారూ."

"దేవుడు నీ కొట్లో వాటాదారుడేటి? అయితే ఆయన సేత సంతకం ఎట్టించు. నేదంటే రాయి."

పళ్ళు నూరుతూ రాశాను. ఏడాది పొడుగునా బోణీలు దాచారేమని పక్క కొట్టువాళ్ళను టాక్స్ ఆఫీసు బెంగాలీ బాబు నిలదీసినప్పుడు గాని నాకు తత్త్వం బోధపడలేదు. కృతజ్ఞత చెప్పుకుందామని వెళ్తే, అది వినే ఓపిక కూడా లేదాయనకు. "ఠీక్ హై, ఠీక్ హై. ఎల్లి కొట్టు సూసుకో" అని తలుపేసుకున్నారు.

ఒకసారి మా బావమరిది నన్ను వేరొకాయన దగ్గరికి లాక్కుపోయాడు. ఆయన పన్నే లేకుండా చేస్తాడట. సంగతి తెలిసి సన్యాసిరావుగారు అడ్డు చెప్పలేదు. "ఎల్లు. కానీ ఒకటడుగు. ఆఫీసరు పిలిస్తే తనూ వొస్తాడా, నిన్నొక్కడినే పంపుతాడా?" అన్నారు. అడిగాను. ఆ పెద్దమనిషి నవ్వి టీ తెప్పించాడు. నేను తిరిగొచ్చేశాను. అసలు వెళ్ళినందుకు నెల్లాళ్ళు తిట్టారు.

ఆయన పోయాక ఇద్దరిని చూశాను. ఇద్దరూ మహా మర్యాదస్తులు. ఏం చెప్పినా "అలాగేనండి" అంటారు. ఒకాయనైతే ఖాళీ ఫారం మీద సంతకం పెట్టేసి నిశ్చింతగా పడుకోమన్నాడు. చిర్రెత్తుకొచ్చింది. నిన్న పరామర్శకు వెళ్ళినప్పుడు, సమయం కాదని తెలిసి కూడా, ఆయన భార్యను అడిగేశాను, "పిన్నిగారూ, నా లెక్కలు చూడమని ఎవరికైనా చెప్పారా?" అని.

ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. "సెప్పకేటి బాబూ! మంచాన పడ్డ కాడ్నించీ మీకోసవే ఎతికినారు. ముగ్గుర్ని ఇంటికి పిలిపించి మాటాడినారు. మా పెద్దదానికి సంబందం సూసినప్పుడు కూడా అన్ని పెశ్నలు అడగనేదు. ముగ్గుర్నీ ఒగ్గీసినారు."

"ఏం, పని రాదనా?"

"పని వొచ్చు. 'ఈళ్ళు సత్యానికి ఎదురు సెప్పనేరే, ఆడు మునిగిపోతాడు' అన్నారు. పోయిన రోజు పొద్దున్న కూడా అదే బెంగ."

ఇంత బెంగ పెట్టుకుని నాతో ఒక్క ముక్క అనకుండా పోతారా ఎవరైనా? ఆయన మీద విసుగు ఇప్పటికీ తగ్గలేదు, ఏడుపూ ఆగడం లేదు. అంతటి పరీక్షకుడికే దొరకని మనిషిని నేనెక్కడ వెతకను? ఆ మహానుభావుడికి చేతులెత్తి మొక్కుతున్నాను. సోమవారం ఒక్కణ్ణే వెళ్తున్నాను. ఆఫీసరు ముందు నేను నోరు జారబోతే, బల్ల కింద నా కాలు తొక్కేవాళ్ళు ఇక లేరు.