గురువుగారి సొంత గొంతు

ఆ రోజు మోక ఊరికి పోయే బస్సులో నా పక్కన ఒక పెద్దాయన, గుడ్డ చుట్టిన హార్మోనియం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను ట్యాబ్‌లో గురువుగారి పాట సన్నగా పెట్టుకుని, వెంట పాడుకుంటున్నాను.

"ఎవురిదమ్మా ఆ గొంతు? పిల్లోని మాదిరి ఉండాదే," అన్నాడు.

"మా గురువుగారిది తాతా. పోయినేడు పోయినారు. నా శ్రుతికి సరిపోవాలని ఈ ట్యాబ్‌లో నేనే పాట శ్రుతిని పైకి పెంచుకున్నా," అన్నాను, కొంచెం గర్వంగానే.

"అట్లనా. ఆయప్ప సొంత గొంతు ఒకతూరి ఇనిపించమ్మా."

వెతికాను. నలభై పాటలూ నా శ్రుతిలోనే ఉన్నాయి. ట్యాబ్‌లో చోటు చాలడం లేదని, మార్చిన ప్రతి పాటనూ పాతదాని మీదే సేవ్ చేసుకుంటూ వచ్చాను. ఏ పాటను ఎంత పెంచానో కూడా రాసుకోలేదు. అందాజుగా కిందికి దించి చూస్తే గొంతు గరగరమంది.

"లేదు తాతా," అన్నాను.

ఆయన కళ్లు మూసుకుని, అదే పల్లవిని బాగా కింది శ్రుతిలో కూనిరాగం తీశాడు. "ఇంత కింద పాడుతాండెనా?" అని నా మొహంలోకి చూశాడు.

ఎనిమిదేళ్లు గురువుగారి ఎదురుగా కూర్చుని నేర్చుకున్నదాన్ని. అయినా ఎంత గుర్తు చేసుకున్నా, నా చెవుల్లో నేను పెంచుకున్న ఆ గొంతే మోగింది.