పైవాళ్ళ నీళ్ళు

తారామణిగారితో గొడవ పెట్టుకుని గెలిచినవాళ్ళు మా నాచారం వీధిలో లేరు. రైల్వే బుకింగ్ కౌంటర్లో పనిచేసి రిటైరైన మనిషి, గొంతు అలాంటిది మరి! ఆవిడది గ్రౌండ్ ఫ్లోరు. ఆ పైన పూర్ణిమ, ఆమె మొగుడు ధర్మేందర్ ఉంటారు. వాళ్ళ ఏసీ నీళ్ళు కారి కారి సరిగ్గా ఈవిడ ముగ్గు మీద పడేవి.

"పూర్ణిమా! మీ ఏసీకి జలుబు చేసిందా? నా ముగ్గు చూడు, ఏడ్చిన కంటి కాటుకలా ఉంది!"

"నీళ్ళే గద ఆంటీ, ఆసిడ్ వడ్డదా ఏంది!"

రోజూ ఇదే సుప్రభాతం. ఎదురింట్లో ఉన్న నాకు టీవీతో పనే లేదు.

ఒకరోజు ఆవిడ ఆ ధార కింద బకెట్ పెట్టి, నిండిన నీళ్ళు తన కరివేపాకు చెట్టుకు పోసింది. చెట్టు చిగురేసింది. అయినా తిట్టడం మానలేదు. బకెట్ నింపుకుంటూనే తిట్టేది! పూర్ణిమకు విసుగెత్తి, పైపు పెట్టించి ఆ నీళ్ళు వీధి మోరీ కాలవలోకి వదిలేసింది.

ఆ వేసవిలోనే బోరు ఎండింది. ట్యాంకర్ నీళ్ళు మొక్కలకు పొయ్యకూడదన్నారు కాలనీ అసోసియేషన్ వాళ్ళు. ఒంటరి మనిషి బియ్యం కడిగిన నీళ్ళు చెట్టుకు ఏ మూలకు? ఆకులు పసుపుపచ్చబడి రాలిపోయాయి. రిటైరైన రోజు తోటివాళ్ళు ఇచ్చిన మొక్క అది. వాళ్ళే ఇచ్చిన గోడగడియారం ఎప్పుడో ఆగిపోయింది. పొద్దున్నే ఆవిడ కబుర్లు చెప్పుకునేది ఆ చెట్టుతోనే.

చివరికి మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కింది. ఆ తమాషా నేను వదులుకుంటానా? వెనకే వెళ్ళాను.

"పూర్ణిమా, ఆ పైపు తీయించెయ్యమ్మా."

"అదేంది ఆంటీ! నీ పంచాయితి వడలేకనే గద పెట్టిచ్చిన!"

తారామణిగారు తల దించుకుంది. ఆవిడని అలా చూడటం నాకు అదే మొదటిసారి. తమాషా చూడ్డానికి వచ్చినందుకు సిగ్గేసింది.

"నా చెట్టు చచ్చిపోతోందే," అంది. కళ్ళు తుడుచుకుంది.

"అయ్యో, ముందుగాల్నే జెప్పొద్దా! మా చారులకు గూడ దాని ఆకే గద. నువ్వు ఫికర్ జెయ్యకు."

సాయంత్రానికల్లా ధర్మేందర్ పైపు తిప్పి చెట్టు మొదట్లోకి దించాడు. మెల్లగా మళ్ళీ చిగుళ్ళు కనిపించాయి. ఎండలు తగ్గి గాలి చల్లబడినా పైన ఏసీ మాత్రం ఆగలేదు. పాపం ధర్మేందర్, దుప్పటి కప్పుకుని బాల్కనీలోకి వచ్చాడు.

"నీళ్ళు లేక చెట్టుకు దూపయితదని పూర్ణిమ బంద్ జెయ్యనిస్తలేదక్కా!" అని నాతో మొరపెట్టుకున్నాడు.

జూన్ చివర్లో ఒక మధ్యాహ్నం కుండపోతగా వాన పడింది. తారామణిగారు చెట్టు పక్కన నిలబడి చిన్నపిల్లలా తడుస్తోంది.

"ఆంటీ, ఇగ ఏసీ బంద్ జెయ్యాల్నా?" పైనుంచి పూర్ణిమ అరిచింది.

"ఆపెయ్యవే తల్లీ! మీకంటే పైవాడు పైపు విప్పాడు!"

పొద్దున వేసిన ముగ్గంతా వానకు కొట్టుకుపోయింది. ఆవిడ అటు చూడనే లేదు.