నా కంట్లోంచి ఇస్తానంటే

పొద్దున ఆరు దాటాక ధర్మవరంలో ప్యాసింజరు ఎక్కాం, నేనూ మా ఆయనా. హిందూపురంలో కంటి డాక్టరమ్మను చూడాలి. ఆ రోజు నేను కాటుక పెట్టుకోలేదు. పెద్దవాళ్ల కంట్లోంచి మూలకణాలు తీసి, పెంచి, చెడిన కంట్లో వేస్తున్నారని ఎదురింటి అమ్మాయి ఫోనులో చదివి చెప్పింది. మగ్గం మీద పోగు తెగితే పక్క మగ్గం వాళ్ల దగ్గర అదే రంగు పోగు తెచ్చి అతుకుతాం. అలాగే నా కంట్లోది తీసి ఆయనకు వేస్తారనుకున్నాను. ఆయనకు మాత్రం చెప్పలేదు, చెబితే రాడు.

ఆయనకు అంచుల్లో చూపుంది, నడిమధ్య పోయింది. నా చీర కొంగు కనిపిస్తుంది, మొహం కనిపించదు. పెనుకొండలో ఎక్కిన ఒక పెద్దాయన మమ్మల్ని కాసేపు గమనించాడు.

"ఏమప్పా, ఆయమ్మ మాట్లాడతాంటే నువ్వు కిటికీ తట్టు చూస్తాండావే?"

"ఇట్ల చూస్తేనే ఈమె రవంత కనపడతాదన్నా" అన్నాడు మా ఆయన.

పెద్దాయన సంచిలోంచి రెండు జామకాయలు తీసి మా చేతుల్లో పెట్టాడు.

హిందూపురం స్టేషను బయట ఇడ్లీ తిని ఆటోలో వెళ్లాం. మీరూ వెళ్లేదుంటే తినే వెళ్లండి. చుక్కల మందు వేసి చాలాసేపు కూర్చోబెడతారు.

నా కన్ను ఇస్తానని డాక్టరమ్మకు చెప్పాను. మా ఆయన ఉలిక్కిపడ్డాడు.

"బతికుండేవాళ్ల కంట్లోంచి తియ్యరమ్మా" అందామె. "చనిపోయినవాళ్లు దానమిచ్చిన కండ్లల్లో, రెటీనా కింది పొరలోంచి తీసి పెంచుతారు. అదీ ఇంకా పరీక్షల్లోనే ఉండాది. మన దాకా ఎప్పుడొస్తాదో చెప్పలేను."

నాకు ఎదురింటి అమ్మాయి మీద, డాక్టరమ్మ మీద, బాగున్న నా రెండు కళ్ల మీద కూడా కోపం వచ్చింది. మా ఆయన ఇంకో సంగతి అడిగాడు.

"నేను పోయినాక నా కండ్లు ఎవురికన్నా పనికొస్తాయా మేడం?"

"ముందర పొర బాగుండాది. అది వేస్తే ఇంకొకరికి చూపొస్తాది."

అక్కడే పేరు రాయించాడు.

మధ్యాహ్నం రైల్లో ఆయన హుషారుగా ఉన్నాడు. పెనుకొండలో వేయించిన శనక్కాయలు కొని నా ఒళ్లో పోశాడు. నాకైతే కుళ్లుగా ఉంది. ఆ కళ్లు ఎవరి మొహంలోనో చేరి లోకమంతా చూస్తాయి.

"ఆ కండ్లు పెట్టించుకున్నోళ్లను ఒకసారి మనింటికి రమ్మని రాయించాల్సింది" అన్నాను.

"ఎందుకే?"

"ఎదురుగా కూర్చోని నన్ను చూసి పోనీ."