తొందరపడ్డ ‘గారు’

సముద్రయానాల మీద నేను చదివిన పుస్తకాలన్నిట్లోనూ తుఫాన్లున్నాయి, తిమింగలాలున్నాయి. కెప్టెన్ చొక్కా ఎవరు ఇస్త్రీ చేశారో మాత్రం ఒక్కడూ రాయలేదు. ఆ లోటు నేను తీరుస్తాను. ఇది ఇస్త్రీ అక్క నోటివెంట విన్నదే. అప్పటికి ఆవిడకి పళ్లు ఊడాయి గాని మాట పదును తగ్గలేదు.

ఆవిరి ఓడల కాలం. ఓడ అడుగున, బాయిలర్ పక్కన, కిటికీ లేని గది ఆవిడది. ఓడ ఒక పక్కకి ఒరిగితే ఇస్త్రీ పెట్టె తనంతట తనే జారేది. ఆ జారుడుకి చెయ్యి ఆనించి, ఓడ తిరిగి లేచేలోగా మడత మార్చేసేది. సముద్రం చేత సగం చాకిరీ చేయించుకున్న మనిషి గురించి నేను మరెక్కడా వినలేదు. పెట్టెలోకి నిప్పులు రోజూ తమ్ముడు తెచ్చేవాడు. అతను బాయిలర్‌కి బొగ్గు వేసే కూలీ. నోటి దురుసు మనిషి.

ఒకనాడు బొగ్గు మేస్త్రీ తల పగిలి, బొగ్గు గుట్ట వెనక శవమై దొరికాడు. ముందురోజే తమ్ముడు అతనితో కలబడి, “నీ అంతు చూస్తా” అని అరిచాడు. అందరూ విన్నారు. ఇంకేముంది, తమ్ముడికి గొలుసు వేశారు. రేవు చేరగానే పోలీసులకి అప్పగింత, ఆపైన ఉరి.

చల్లారిన పెట్టె ముందు కూర్చుని అక్క ఆ పొద్దుటినంతా నెమరేసుకుంది. శవం ఇంకా దొరక్కముందు స్టోరు గుమాస్తా తన చొక్కా కోసం వచ్చాడు. “మేస్త్రీగారిది కూడా అయిందా? పాపం, ఆయనకి కాలరు గట్టిగా ఉండాలి” అన్నాడు. అన్నాళ్లూ అతని నోట మేస్త్రీ ‘ఆ దున్నపోతు’, మహా అయితే ‘వాడు’! మన సంగతి తెలిసిందే, చచ్చినవాడి కళ్లు చారెడు. బతికుండగా దక్కని ‘గారు’ పోయాక వచ్చి అతుక్కుంటుంది. ఎన్నో రేవులు తిరిగాను గాని, ఈ గుణం మన నాలుకకి పుట్టుకతోనే వచ్చిందనిపిస్తుంది.

అక్క తిన్నగా కెప్టెన్ దగ్గరికి వెళ్లి ఈ సంగతి చెప్పింది.

“గారు అనడం కూడా నేరమేనా అమ్మా?” అని ఆయన నవ్వాడు. నవ్వుతూనే గుమాస్తాని పిలిపించాడు.

“ఏం నాయనా, ఆ పొద్దున మేస్త్రీని గారూ గీరూ అన్నావు. ముందురోజుదాకా దున్నపోతే కదా?” అంది అక్క.

గుమాస్తాకి ఒళ్లు మండింది. “నీకు మర్యాద తెలీకపోతే నేనేం చెయ్యను? పోయిన మనిషిని పట్టుకుని వాడూ వీడూ అంటారా ఎవరైనా?”

“అనరు. కానీ నువ్వు నా గదికి వచ్చేసరికి ఆయన పోయినట్టు ఎవరికీ తెలీదే! నీకెవరు చెప్పారు?”

కెప్టెన్ ముఖంలో నవ్వు ఆరిపోయింది. గుచ్చి గుచ్చి అడిగితే చివరికి గుమాస్తా కక్కాడు. ఓడలో తాగునీళ్లు దొంగచాటుగా అమ్ముకుంటూ మేస్త్రీ కంట పడ్డాడట. ఎక్కడ బయటపెడతాడోనని పలుగుతో కొట్టాడట.

గొలుసు విప్పగానే తమ్ముడు నిప్పులు పట్టుకుని అక్క గదికి వచ్చాడు. బుగ్గల మీద మసి, మసి మీద కన్నీటి చారలు. ఏమనాలో తోచక, “అక్కగారూ...” అన్నాడు.

పెట్టె మూత తెరుస్తూ అక్క కసిరింది. “ఒరేయ్, నేనింకా బతికే ఉన్నానురా! అక్కా అను, చాలు.”