నన్ను చలికి సిద్ధం చేసిన మా వదిన

మా వదిన పోయింది. ఆళ్లగడ్డలో పొద్దున్నే అంగడి షట్టరు ఎత్తుతూ అక్కడే కూలబడిందట. పక్కనున్న టీ కొట్టాయన పరిగెత్తుకొచ్చి పట్టుకునేలోపే అంతా అయిపోయిందట. ఆ సమయానికి నంద్యాలలో మా ఇంట్లో నేను దోసెలు పోస్తున్నాను. మా ఆయన ఫోన్ చెవికి పెట్టుకుని "ఎవరు? అక్కనా? ఏ అక్క?" అని అడుగుతున్నాడు. ఆయనకు ఉన్నది ఒక్కటే అక్క. ఆ ప్రశ్న వినగానే పొయ్యి కట్టేశాను.

నేను పుట్టు పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే మిగతాది మీకు అర్థం కాదు. బేతంచెర్ల బండల లారీ పక్కనుంచి పోతుంటే బస్సులో కళ్లు మూసుకునే రకం. అవన్నీ చిన్న భయాలు. అసలు భయం ఎట్లా ఉంటుందో నిమ్ము చేసి ఆసుపత్రిలో పడినప్పుడు తెలిసింది. గాలి చుట్టూ ఉంటుంది, లోపలికి రాదు. ముక్కుకు ఆక్సిజన్ పెట్టినా, మునిగిపోతున్నాననే అనిపించేది. ఇంటికొచ్చాక కూడా ఆ భయం వదల్లేదు. నంద్యాల ఎండల్లో ఫ్యాన్ కట్టేసి, చెవులకు గుడ్డ కట్టుకుని పడుకునేదాన్ని. మా ఆయన పాపం చెమటలు కక్కుతూ పక్కన పడుకునేవాడు.

ఆసుపత్రిలో నా మంచం పక్కన కూర్చున్నది వదినే. మా ఆయనకు అక్క, నాకు ఆడబిడ్డ. ఆడబిడ్డంటే అర్ధమొగుడంటారు గానీ, నాకైతే ఈమె తల్లిలాంటిది. భర్త పోయాక ఆళ్లగడ్డలో విత్తనాల అంగడి ఒంటిచేత్తో నడిపింది. పత్తి విత్తనమంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. కొత్త రకం ఏది వచ్చినా కొన్ని గింజలు తడిగుడ్డలో చుట్టి, మొలక చూసుకున్నాకే అమ్మేది. "సంచి మీద బొమ్మ సూసి నమ్మగాకప్పా, బొమ్మ మొలకెత్తదు" అని రైతులను కసిరేది. మనిషి మోటు, గొంతు పెద్దది. నవ్వితే వీధి చివరికి వినపడేది.

విత్తనాలు, ఎరువులు అమ్మేవాళ్లకు ఒక ముచ్చట తెలుసు. సీజన్ బాగా నడిస్తే కంపెనీవాళ్లు డీలర్లను బ్యాంకాక్ అనో దుబాయ్ అనో తిప్పుకొస్తారు. పోయినేడాది ఓడ అన్నారు. అదీ చలికాలంలో, నార్వే అనే దేశంలో, మంచుకొండల మధ్య సముద్రంలో. డీలరుతో పాటు ఇంకొకరు పోవచ్చు. వదిన కూతురు పూణేలో కడుపుతో ఉంది, రాలేనంది. వదిన నాకు ఫోన్ చేసింది.

"తోడు నువ్వే రావాలమే."

"వదినా, నాకు ఊపిరి..."

"ఊపిరి యాడికి పోతాది? నేను పట్టుకుంటా గదా. ఇట్ల దుప్పట్లో దాక్కోని దాక్కోని ఒగ దినం దుప్పట్లోనే పోతావు నువ్వు. ఆ భయం ఒగసారి తీరిపోవాల."

మా ఆయన ఆళ్లగడ్డకు పోయి పోట్లాడాడు. "అక్కా, ఆడ దీనికి ఏమన్నా అయితే?" అన్నాడు. వదిన ఆయన చేతిలో చెయ్యి వేసింది. "నీ పెండ్లాన్ని ఊపిరితో తెచ్చి నీ చేతికిస్తా. ఇది నా మాట" అంది. ఆమె మాట ఇచ్చిందంటే ఇచ్చినట్టే. కానీ ఆ మాట ఇచ్చినప్పటి నుంచి ఆమెకూ భయం పట్టుకుందని నాకు తర్వాతగానీ తెలియలేదు.

డాక్టరు దగ్గరికి ఇద్దరం పోయాం. "పోవచ్చు. కానీ ఛాతీకి చలి తగలకూడదు, ఒంటి మీద తడి నిలవకూడదు. మళ్లీ నిమ్ము చేస్తే ఈసారి తట్టుకోలేరు" అన్నాడాయన. మేమిద్దరం చలి అన్న మాటే పట్టుకొని బయటికొచ్చాం.

నంద్యాలలో చలిబట్టలు కొనడమంటే నవ్వులాటే. శీతాకాలంలో రోడ్డు పక్కన స్వెటర్లు అమ్మేవాళ్లు వస్తారు, అంతే. ఒక అంగడాయన మందపాటి కోటు తీసి, "ఊటీకి పోతాండారా అమ్మా?" అని అడిగాడు. "ఊటీ కాదప్పా, ఊటీకి తాత" అంది వదిన. కోటుకు వేలాడుతున్న అట్టముక్క మీద, ఎంత చలికైనా ఆగుతుందని రాసి ఉంది. వదిన దాన్ని వేలితో కొట్టి, "ఇదీ సంచి మీద బొమ్మే" అంది.

లోపలి బట్టల సంగతి మాత్రం తనే చూసుకుంటానని చెప్పింది. ఆమె ఎటూ పత్తి మనిషి. "పత్తిని మించిన గుడ్డ ఉండాదా భూమ్మీద? పసిబిడ్డకు అదే, ముసలోళ్లకు అదే" అంటూ ఇద్దరికీ నూలు బనీన్లు కొంది. ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి. వాటి మీదికి దర్జీతో పత్తి కూరిన బొంతలాంటి జాకెట్లు కుట్టించింది. కాళ్లకు నూలు మేజోళ్లు, తలకు నూలు గుడ్డ. అవన్నీ తొడిగి చూసుకుంటే పరుపుల అంగట్లోంచి తప్పించుకొచ్చిన పరుపుల్లా ఉన్నాం ఇద్దరం. నవ్వలేక చచ్చాం.

మొలక చూడకుండా ఆమె దేన్నీ నమ్మదు కదా! నంద్యాల చుట్టూ విత్తనాలు దాచే కోల్డ్ స్టోరేజీలకు కొదవలేదు. తనకు తెలిసిన ఒక దాంట్లో మేనేజరుకు చెప్పి, నన్ను వెంటబెట్టుకుని పోయింది. ఆయన నవ్వు ఆపుకుంటూ, "లోపల బట్టలు సూస్తారా అక్కా?" అన్నాడు. "నవ్వగాకప్పా. ఆడికి పోయినాక బాగలేదంటే వాపసు తీసుకునేదానికి అంగడి ఉంటాదా సముద్రంలో?" అంది వదిన.

గేటు దగ్గర, మిట్టమధ్యాహ్నం ఎండలో, బనీన్లూ బొంతలూ కోట్లూ అన్నీ తొడుక్కున్నాం. అక్కడే చెమట కారడం మొదలైంది. లోపలికి పోయాక మొదట హాయిగానే ఉంది. పైకప్పు దాకా బస్తాలు, మధ్యన సందులు, పైన ఫ్యాన్ల హోరు. నోట్లోంచి పొగ వస్తుంటే చిన్నపిల్లల్లా ఊదుకున్నాం. "ఓడ మీద ఊరికే నిలబడతావా? నడువు నడువు" అని వదిన ఆ సందుల్లో నన్ను గబగబా తిప్పింది. తర్వాత, "ఇప్పుడు నిలబడు, సూద్దాం" అంది.

నిలబడ్డాను. ఆ చలి బయటి నుంచి రాలేదు. నా బట్టల్లోంచే వచ్చింది. చెమటతో తడిసిన బనీను వీపుకు అతుక్కుంది, ఆ తడి మంచుగడ్డలా మారింది. దగ్గు వచ్చింది. దగ్గుకూ దగ్గుకూ మధ్య గాలి అందలేదు. దేవుడా, మళ్లీ అదే! ఆసుపత్రిలో లాగే అందని ఊపిరి, అదే మునక. తలుపు ఎటుందో తెలియక పరిగెత్తాను. ఏ సందు చూసినా ఒకటే మాదిరి, అన్నీ బస్తాలే. "వదినా" అని అరుద్దామంటే గొంతు లేవలేదు. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా చేతులు చల్లబడుతున్నాయి.

ఎక్కడి నుంచో ఆమె గొంతు, "యాడుండావే! యాడుండావు!" అని. వచ్చి నా రెక్క పట్టుకుని ఈడ్చింది, తలుపును భుజంతో గుద్దింది. ఎండలో పడ్డాం. నా కోటు, బొంత లాగి పారేసి, వీపు మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసి అరచేతిని చూసుకుంది. తడి. అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది.

నాకు ఊపిరి సర్దుకున్నాక, పక్కన పడున్న బొంతను చేత్తో నలుపుతూ అంది. "తడిసిన పత్తి ఒగ పట్టాన ఆరదు. ఎన్నేండ్ల సంది చెప్తాండా నేను రైతులకు? నీళ్లు తాగితే ఇడ్సదప్పా, జాగర్త అని. అదే పత్తిని తెచ్చి నీ గుండెల మీద కట్టినా."

"ఊరుకో వదినా, ఏమీ కాలేదు కదా."

"అయ్యుంటే?" అంది. నాకేసి చూడలేదు.

ప్రయాణం మానుకుందామని నేను బతిమాలాను. ఆమె ఆళ్లగడ్డకు వెళ్లిపోయింది. మూడో రోజు నంద్యాలకు వచ్చి గుమ్మంలోంచే మొదలుపెట్టింది. "అహోబిలం దావలో గొర్రెలోళ్లను సూడలేదా నువ్వు? వానలో కంబడి కప్పుకోని నిలబడతారు. తడిసినా ఒంటికి వెచ్చగానే ఉంటాదంట. గొర్రె బొచ్చు ఉండంగ నాకు పత్తి మీద యావ ఏందీ?" బతుకంతా పత్తి విత్తనం అమ్మిన మనిషి ఆ మాట అనడం చిన్న సంగతి కాదు. ఆమె మొండితనం నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను.

ఆ తర్వాత కొన్నవన్నీ వేరే. ఒంటిని అంటుకునే బట్ట పల్చటి ఉన్నిది, చెమటను పట్టి ఉంచుకోనిది. దాని మీద మెత్తటి బొచ్చు జాకెట్టు. అన్నిటి మీదా గాలీ నీళ్లూ దూరని కోటు, తలకు టోపీతో సహా. కోటు ఒక సైజు పెద్దదే కొనిపించింది. "బిగుతుగా ఉంటే లోపల వెచ్చటి గాలి నిలిచేదానికి చోటు యాడిది?" అనేది. వేడెక్కితే పైది విప్పాలి, నిలబడితే మళ్లీ తొడగాలి, చెమట మాత్రం పట్టనివ్వకూడదు. ఈ పాఠం నాకు ఎన్నిసార్లు అప్పజెప్పిందో! ఆమె జన్మలో మొదటిసారి ప్యాంటు వేసుకున్నదీ అప్పుడే, మా ఇంట్లో. అద్దంలో చూసుకుని, "మీ అన్న సూస్తే మళ్లా సచ్చిపోతాడు" అని పడీ పడీ నవ్వింది.

మళ్లీ కోల్డ్ స్టోరేజీ దగ్గరికి పోయినప్పుడు నేను గేటు పట్టుకుని ఏడ్చాను. సిగ్గు లేకుండా ఏడ్చాను. ఆమె కోప్పడలేదు. "భయపడు, ఎవురొద్దన్నారు? నాకు మాత్రం లేదా? కానీ చేతులాడిస్తా భయపడు. చేతులు కట్టుకోని భయపడితే అది మనల్ని తినేస్తాది" అంది. ముందు తనొక్కతే లోపలికి పోయి, చాలాసేపు తిరిగి, నిలబడి, బయటికొచ్చింది. తన వీపు మీద నా చేత చెయ్యి పెట్టించింది. తర్వాత నన్ను తలుపు దగ్గరే నిలబెట్టి, తలుపు తెరిచే ఉంచమని మేనేజరుకు చెప్పి, నా పక్కన నిలబడింది. ఊపిరి ఆడింది. నా బట్టల్లోకి చెయ్యి పెట్టి, "పొడిగా ఉండాది! మే, పొడిగా ఉండాది!" అని గోదామంతా వినపడేట్టు అరిచింది.

ఓడ మీద నేను చూసినవాటి గురించి అందరూ అడుగుతారు. కొండలు, మంచు, ఆకాశంలో పచ్చటి వెలుగులు. నిజం చెప్పొద్దూ, నాకు బాగా గుర్తున్నది నల్లటి నీళ్లు. ఓడ అంచు కమ్మీ పట్టుకుని కిందికి చూస్తే వెంటనే రెండడుగులు వెనక్కి వేసేదాన్ని. గాలి ముఖం మీద చెంపదెబ్బలు కొట్టేది. ప్రతిసారీ ఇదే ఆఖరి ఊపిరేమో అనుకుంటూ మఫ్లరులోంచి పీల్చేదాన్ని. కాసేపటికొకసారి నా కోటు కింది నుంచి ఒక చెయ్యి వీపు మీదికి వచ్చేది. మిగతా డీలర్ల భార్యలు నవ్వేవాళ్లు. వదిన లెక్కచెయ్యలేదు. ఆమె ఆ వెలుగుల్ని కూడా సరిగా చూడలేదని నా అనుమానం. ఎప్పుడు తలతిప్పినా నా నోటి ముందరి పొగనే చూస్తూ ఉండేది, పొగ వస్తోందా లేదా అని.

నంద్యాల స్టేషన్లో దిగగానే నన్ను తమ్ముడి ముందుకు తోసింది. "ఇదో, నీ పెండ్లాం. ఊపిరాడుతాంది, సూసుకో" అంది. అప్పుడు ఏడ్చింది. దారి పొడుగునా ఒక్క కన్నీటి చుక్క రాల్చని మనిషి, ప్లాట్‌ఫారం మీద సూట్‌కేసు మీద కూర్చుని ఏడ్చింది. మా ఆయనకు ఏం చెయ్యాలో తెలియక కాఫీ తెచ్చాడు.

ఆమె పోయిన రోజు మేము ఆళ్లగడ్డ చేరేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. పూణే నుంచి కూతురు రావాలి, అందుకని ఫ్రీజర్ పెట్టె తెప్పించారు. అంగడి వెనక వసారాలో పెట్టారు. వదిన అందులో ఒక్క పల్చటి నూలు చీరతో పడుకుని ఉంది. మోటరు గుర్రుమంటోంది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. శవాన్ని చూసి కాదు భయం. ఆ చలి చూసి.

ఒక ఉన్ని శాలువైనా కప్పుదామని మా పెద్దత్తను అడిగాను. "ఇప్పుడవేమీ కప్పగూడదు తల్లీ, కొత్త నూలు గుడ్డే ఉండాల" అందామె. మళ్లీ అడగలేదు. కానీ కూర్చోలేకపోయాను. పెట్టె తెచ్చిన మనిషి తీగ సరిచేస్తుంటే దగ్గరికి పోయి అడిగాను.

"అన్నా, కొంచెం చలి తగ్గించగూడదా?"

ఏడుస్తున్న ఆడవాళ్లు ఏడుపు ఆపి నన్ను చూశారు. మా ఆయన మాత్రం నన్ను వింతగా చూడలేదు. ఆ మనిషితో, "ఆమె చెప్పినట్టు కొంచెం తగ్గించప్పా" అన్నాడు.

ఆ మనిషి నవ్వలేదు. "ఎండ జాస్తిగా ఉండాదన్నా. తగ్గిస్తే కూతురొచ్చే దాకా నిలవదు" అన్నాడు.

పెట్టె పక్కన చాపేసుకుని కూర్చున్నాను. బయటి వేడికి అద్దం మీద ఆవిరి పట్టి, నీళ్లు కారుతున్నాయి. వదిన ముఖం కనపడటం లేదు. కొంగుతో తుడిచాను, కనపడింది. కాసేపటికి మళ్లీ ఆవిరి పట్టింది. మళ్లీ తుడిచాను. కొంగు తడిసిపోతే ఇంకో కొస పట్టుకుని తుడిచాను. పూణే నుంచి వదిన కూతురు వచ్చి నా చెయ్యి పట్టుకునే దాకా తుడుస్తూనే ఉన్నాను.